1-ఆక్టీన్ హైడ్రోఫార్మైలేషన్: నోనానల్ ఎందుకు తగ్గుతోంది?

ప్రశ్న (జీడిమెట్ల): 1-ఆక్టీన్‌కి కార్బన్ మోనాక్సైడ్ (సీఓ), హైడ్రోజన్ చేర్చి ఆల్డిహైడ్ చేస్తున్నాను (ఇదే హైడ్రోఫార్మైలేషన్); నాకు కావల్సింది నేరు గొలుసు ఆల్డిహైడ్, నోనానల్. వాడినవి: ఉత్ప్రేరకంగా రోడియం డైకార్బొనిల్ అసిటైల్‌అసిటొనేట్, ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ 1:5, టోలూయిన్, 110 డిగ్రీలు, 1:1 సిన్‌గ్యాస్ (సీఓ, హైడ్రోజన్ మిశ్రమం) 30 బార్. బ్రాంచ్డ్ (కొమ్మ గొలుసు) ఆల్డిహైడ్ ఎక్కువొస్తోంది, జీసీలో (గ్యాస్ క్రొమటోగ్రఫీలో) 2-ఆక్టీన్ కూడా కనిపిస్తోంది. పొరపాటెక్కడండీ?

జవాబు: ఫాస్ఫీన్ చాలదండీ. సీఓ దాన్ని తోసేసి రోడియం మీద చేరుతుంది. ఇక ఆక్టీన్ ద్విబంధం గొలుసు లోపలికి జరుగుతుంది, బ్రాంచ్డ్ పెరుగుతుంది. రోడియంకి 100 రెట్లు ఫాస్ఫీన్ వేయండి. 90 డిగ్రీలు, 15 బార్ దాటనివ్వకండి.

జవాబు (ఉప్పల్): ముందు ఆక్టీన్ చూడండి. పాత సీసాలోని పెరాక్సైడ్లు ఫాస్ఫీన్‌ను ఆక్సైడ్ చేసేస్తాయి. బేసిక్ అల్యూమినా గుండా పంపి, నైట్రోజన్ పట్టించి వాడండి. ఫాస్ఫరస్ ఎన్ఎంఆర్‌లో మైనస్ 5 పీపీఎం దగ్గరి ఫాస్ఫీన్ పీక్ తగ్గి, 25–30 మధ్య కొత్తది (ఆక్సైడ్‌ది) లేస్తే కారణం అదే.

అన్నట్టు, సీఓకి వాసనుండదు. డిటెక్టర్ లేకుండా వాల్వ్ తిప్పకండి. ఆటోక్లేవ్ పూర్తిగా చల్లారాకే, ఫ్యూమ్ హుడ్‌లోకే గ్యాస్ వదలండి.