ఇంజన్ మార్చాక క్లచ్ పెడల్ సగం దాకా ఖాళీగా దిగుతోంది

మాది పది టైర్ల బండి, నేనే నడుపుకుంటాను. ఇంజన్ సీజ్ అయితే ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్‌ది వేయించాను. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కొత్తవే. అయినా పెడల్ తొక్కితే సగం దాకా ఏమీ తగలదు, తడి స్పాంజి మీద కాలేసినట్టుంటుంది. రెండుమూడు సార్లు గబగబా కొడితే పైకొచ్చి గట్టిపడుతుంది. నిన్న ఎల్బీనగర్ సిగ్నల్లో ఫస్ట్ గేరు వేయబోతే గర్రుమంది, వెనక ఆటోల హారన్లు సరేసరి. ఆయిల్ ఎక్కడా కారట్లేదు. మేస్త్రీ క్లచ్ ఆయిల్ లైన్లోంచి రెండుసార్లు ఎయిర్ తీశాడు, ఇప్పుడు క్లచ్‌ను తోసే పుష్ రాడ్ పొడుగు పెంచుదామంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

— అన్నా, రాడ్ జోలికి పోకు. ఫ్రీ ప్లే, అంటే క్లచ్ పట్టే ముందు ఉండాల్సిన కాస్త ఖాళీ, లేకుండా బిగిస్తే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ప్రెషర్ ప్లేటు ఫింగర్లకు ఆని తిరుగుతూ అరిగిపోతుంది, లోడు మీద క్లచ్ జారుతుంది. కొడితే పైకొస్తోందంటే లైన్లో ఇంకా గాలుంది, లేదా పెడల్ దగ్గర ఆయిల్ తోసే మాస్టర్ సిలిండర్ రబ్బర్లు పోయాయి.

— తమ్ముడూ, బండి కిందికి దూరి ఒక్కటి చూడు. క్లచ్ బూస్టర్ (ట్యాంకు గాలి ఒత్తిడితో పెడల్‌ను తేలిక చేసేది) మీద ఎయిర్ తీసే నిపుల్ పైకుందా, కిందికుందా? ఇంజన్‌తో వచ్చిన బెల్ హౌసింగ్, అదే క్లచ్ మీది డొప్ప, వేరేదైతే బూస్టర్ తిరగబడి కూర్చుంటుంది. గాలి పైన చేరుతుంది, నిపుల్ కిందుంటే ఎన్నిసార్లు తీసినా ఆయిలే వస్తుంది. మేస్త్రీని తిట్టి లాభం లేదు. బూస్టర్ విప్పి, పైపు ఊడదీయకుండా, నిపుల్ పైకి వచ్చేలా పట్టుకుని ఎయిర్ తీయండి. అప్పుడు మాత్రం రాడ్ బయటికి దూకకుండా చెక్క అడ్డం పెట్టాలి. బండి ఎయిర్ ట్యాంకులో గాలి నిండాకే పెడల్ చూడు, ట్యాంకులో గాలి లేకపోతే ఎలాగూ బరువుగానే ఉంటుంది.

— క్లచ్ సంగతి సరే, కొత్త ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఎక్కించారా? చెకింగ్‌లో పట్టుకుంటే అది ఇంకో తలనొప్పి.

— నిపుల్ కిందికే ఉంది! మధ్యాహ్నం విప్పి పైకి తిప్పి తీశాం, బుడగలు బుడబుడమని వస్తూనే ఉన్నాయి. ఇప్పుడు పెడల్ పైనే పట్టుకుంటోంది, గేరు మెత్తగా పడుతోంది. మేస్త్రీ మొహం చూడాలి! బూస్టర్‌ను సరైన వాటంలో బిగించడానికి బ్రాకెట్ చేయిస్తున్నాడు. ఆర్‌సీ కాగితాలకు సోమవారం ఆర్టీఏకి పోతున్నా.