ఎంజీసీవీలో బావుల నీటిమట్టం సర్ఫేస్: "కే తగ్గించు" అంటోంది, తగ్గిస్తే "కే చాలదు" అంటోంది

ప్రశ్న: మట్టంలెక్క

తెలంగాణ పరిశీలక బావుల డేటా ఉంది. 214 బావులు, 10 ఏళ్లు, ఏటా నాలుగు కొలతలు (జనవరి, మే, ఆగస్టు, నవంబర్). ఖాళీ గడులు పోగా 7,900 వరుసల దాకా మిగిలాయి. కొలిచింది నేలమట్టం నుంచి నీటి దాకా లోతు, మీటర్లలో. ఆర్‌లో ఎంజీసీవీ ప్యాకేజీతో (గ్యామ్ అనే నునుపు వంపుల మోడల్ కట్టేది) స్థలం, నెల, సంవత్సరం కలిపి నునుపైన సర్ఫేస్ గీయాలి. అందులో ఎస్, టీఈ అనేవి నునుపు టర్మ్‌లు (స్మూత్‌లు), కే అంటే ఆ వంపు ఎంతవరకు మెలికలు తిరగొచ్చో చెప్పే పరిమితి. ఇక్కడ ఆగిపోయాను:

టీఈ(రేఖాంశం, అక్షాంశం, నెల) అని రాస్తే "నెల హ్యాజ్ ఇన్‌సఫిషియెంట్ యునీక్ వాల్యూస్ టు సపోర్ట్ 5 నాట్స్: రిడ్యూస్ కే" (ఐదు నాట్లకి, అంటే వంపు ముక్కలు కలిసే బిందువులకి, నెలలో వేర్వేరు విలువలు చాలవు, కే తగ్గించు) అని వస్తోంది. నేను 5 అని ఎక్కడా ఇవ్వనే లేదు.

సరే, నెల తీసేసి ఎస్(రేఖాంశం, అక్షాంశం, కే=300) పెడితే "ఎ టర్మ్ హ్యాజ్ ఫ్యూవర్ యునీక్ కోవేరియేట్ కాంబినేషన్స్ దేన్ స్పెసిఫైడ్ మాక్సిమమ్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్" (అడిగిన కే కంటే వేర్వేరు విలువలు తక్కువ) అంటోంది. 7,900 వరుసలుంటే 300 ఎక్కువెలా అయింది? 214 బావులే కదా అని 200కి దించినా అదే ఎర్రర్. 150కి నడిచింది గానీ గ్యామ్.చెక్‌లో కే-ఇండెక్స్ (కే చాలుతోందా అని చూసే అంకె) 1 కంటే బాగా తక్కువ, పీ-వాల్యూ దాదాపు సున్నా. పెంచమని అర్థం కదా? పెంచితేనేమో నడవదు.

జవాబు 1: పల్చనిరేకు

రెండు ఎర్రర్లకీ కారణం ఒకటే అండీ. ఎంజీసీవీ వరుసల్ని లెక్కపెట్టదు, వేర్వేరు విలువల్ని లెక్కపెడుతుంది.

టీఈలో కే ఇవ్వకపోతే ప్రతి మార్జిన్‌కీ (ఇక్కడ రేఖాంశం, అక్షాంశం, నెల ఒక్కోదానికీ) 5 తనే పెట్టుకుంటుంది, బేసిస్ (వంపు కట్టే పద్ధతి) సీఆర్, అంటే క్యూబిక్ స్ప్లైన్, తీసుకుంటుంది. మీ నెల కాలమ్‌లో ఉన్నవి 1, 5, 8, 11 మాత్రమే. నాలుగు విలువల మీద ఐదు నాట్లు కుదరవు. చాలామంది ఇక్కడ కే=4 అని ఒక్క అంకె పెట్టి ఎర్రర్ పోయిందని సంతోషిస్తారు. ఆ 4 మూడు మార్జిన్లకీ వర్తిస్తుంది. 4×4×4, అంటే 64 కోఎఫిషియంట్లు, అందులో రాష్ట్రమంతటికీ అడ్డం 4, నిలువు 4. మ్యాప్ దుప్పటి కప్పినట్టు వస్తుంది. ఏటా రెండే కొలతలున్నవాళ్లు కే=2 పెట్టి చూస్తారు. టీఈలో 3 కంటే తక్కువ ఇస్తే ఒక వార్నింగ్ ఇచ్చి మళ్లీ డిఫాల్ట్‌కే పోతుంది, అదే ఎర్రర్ తిరిగొస్తుంది.

సైక్లిక్ బేసిస్ (సీసీ, వంపు చివరని మొదలుతో కలిపేది) వాడమని ఎవరైనా చెబితే ఒకటి చూసుకోండి. నాట్లు ఇవ్వకపోతే చక్రం రెండు కొసలూ డేటాలోని కనిష్ఠ, గరిష్ఠ విలువల దగ్గర పెడుతుంది. మీ డేటాలో అవి 1, 11. అంటే జనవరి మట్టమూ నవంబర్ మట్టమూ ఒకటేనని మోడల్‌ని బలవంతపెట్టినట్టు. ఎర్రర్ రాదు, తప్పు మాత్రం ఉంటుంది. నాట్స్=లిస్ట్(నెల=సీ(0.5, 12.5)) ఇస్తే సరిపోతుంది. నన్నడిగితే నాలుగు విలువలకి స్మూత్ అనవసరం. నెలని ఫ్యాక్టర్ (అంకె కాకుండా విడివిడి వర్గాలు) చేయండి. కొలవని నెలల్లో కనిపించే వంపు ఎలాగూ ఊహే.

ఇక 200కి కూడా ఎందుకు ఆగిందంటే: 214 బావులున్నాయి గానీ 214 స్థానాలు ఉండకపోవచ్చు. బావికి జీపీఎస్ లేని చోట గ్రామం నడిబొడ్డు కోఆర్డినేట్ పెట్టేస్తారు, ఒకే ఊళ్లో రెండు బావులకి ఒకే అంకె పడుతుంది. ఎన్‌రో(యునీక్(డేటా[, సీ("రేఖాంశం", "అక్షాంశం")])) కొట్టి చూడండి. ఖాళీ వరుసలు తీసేశాకే లెక్కపెట్టాలి, ఎందుకంటే ఫిట్ చేసేముందు గ్యామ్ కూడా వాటిని తీసేస్తుంది. వచ్చిన అంకె కంటే కే ఎక్కువ ఉండకూడదు.

జవాబు 2: రెమ్ల్‌ప్రియుడు

కే-ఇండెక్స్ సంగతి నేను చెప్తా. ఆ పరీక్ష పక్కపక్క పాయింట్ల రెసిడ్యువల్స్ (కొలతకీ మోడల్ అంచనాకీ తేడాలు) పోలి ఉన్నాయా అని చూస్తుంది. మీ డేటాలో ప్రతి పాయింట్‌కి అతి దగ్గరి పొరుగు ఎవరు? అదే బావి, వేరే తేదీ. ఒక బావి కాలవ పక్కన ఉండి ఎప్పుడూ 2 మీటర్లు పైనే ఉంటే దాని కొలతలన్నీ ఒకే వైపు తప్పుతాయి, పరీక్ష ఫెయిలవుతుంది. దానికి మందు కే పెంచడం కాదు. పెంచుకుంటూ పోతే సర్ఫేస్ ఒక్కో బావి దగ్గర ఒక్కో బుడిపె కడుతుంది.

బావికి ర్యాండమ్ ఎఫెక్ట్ (ఒక్కో బావికి దాని సొంత హెచ్చుతగ్గు) ఇవ్వండి: ఎస్(బావి, బీఎస్="ఆర్ఈ"). ఇక్కడ ఎర్రర్ లేకుండా ముంచే గుంట ఒకటుంది. బావి నంబర్ 1, 2, 3... అని అంకెలుగా ఉంటే దాన్ని మామూలు కొలతగా తీసుకుని ఒకే ఒక్క కోఎఫిషియంట్ ఇస్తుంది, బావి నంబర్ పెరిగేకొద్దీ నీళ్లు లోతుకి పోతాయా అన్నట్టు. సమ్మరీలో ఆ టర్మ్ ఈడీఎఫ్ (అది నిజంగా వాడుకున్న స్వేచ్ఛ ఎంతో చెప్పే అంకె) 1 లేదా అంతకంటే తక్కువ కనబడితే ఇదే జరిగింది. యాజ్.ఫ్యాక్టర్ చేస్తే ఈడీఎఫ్ వందల్లోకి వెళ్లొచ్చు, అది మామూలే.

మెథడ్ కూడా మార్చండి. వెర్షన్‌ని బట్టి గ్యామ్ డిఫాల్ట్ జీసీవీ (నునుపు ఎంతుండాలో తేల్చే ఒక పద్ధతి) కావచ్చు, అది ఒక్కోసారి మరీ గజిబిజి సర్ఫేస్ ఇస్తుంది. మెథడ్="రెమ్ల్" పెట్టండి.

మొత్తం కలిపితే ఇలా:

లోతు ~ నెల + టీఈ(ఎక్స్, వై, సంవత్సరం, డీ=సీ(2,1), బీఎస్=సీ("టీపీ","సీఆర్"), కే=సీ(50,8)) + ఎస్(ఎక్స్, వై, బై=నెల, కే=40) + ఎస్(బావి, బీఎస్="ఆర్ఈ")

ఎక్స్, వై అంటే బావి స్థానం, కిలోమీటర్లలో. టీపీ అంటే రెండు దిక్కులకీ కలిపి వంచే పల్చని రేకు బేసిస్. డీ=సీ(2,1) అంటే స్థలం రెండు దిక్కులూ కలిపి ఒకే మార్జిన్, సంవత్సరం వేరే మార్జిన్. కిలోమీటర్‌కీ సంవత్సరానికీ యూనిట్ పొత్తు లేదు కాబట్టి ఎస్(ఎక్స్, వై, సంవత్సరం) అని ఒకే ఎస్‌లో పెట్టొద్దు. 50×8 అంటే 400, సెంటరింగ్‌కి ఒకటి పోయి 399. 7,900 వరుసలకి ఇబ్బంది లేదు. ఇదే ఫార్ములా ఒక్క ఏడాది డేటా మీద నడిపితే మాత్రం సంవత్సరం విలువ ఒకటే కాబట్టి మళ్లీ మొదటి ఎర్రరే వస్తుంది.

ఫార్ములాలో నెల ఆర్డర్డ్ ఫ్యాక్టర్ (వర్గాలకి వరుసక్రమం ఉన్నది) అయి ఉండాలి. మామూలు ఫ్యాక్టర్ అయితే నాలుగు నెలలకీ నాలుగు సర్ఫేస్‌లు వస్తాయి, టీఈలో అప్పటికే ఉన్న స్థల సర్ఫేస్‌తో అవి ఢీకొంటాయి. ఆర్డర్డ్ అయితే మొదటి లెవెల్‌కి (జనవరి) వేరే సర్ఫేస్ ఉండదు, మిగతా మూడూ జనవరితో తేడాలు. కాంట్రాస్ట్‌ని కాంటర్.ట్రీట్‌మెంట్‌కి మార్చండి (కాంట్రాస్ట్ అంటే నెలల్ని పోల్చే తీరు), లేకపోతే సమ్మరీలో నెల పక్కన లీనియర్, క్వాడ్రాటిక్ అని వచ్చి ఏమీ అర్థం కాదు.

మట్టంలెక్క

వేర్వేరు స్థానాలు 187 వచ్చాయి, అదీ సంగతి. బావి కాలమ్ అంకెలే, మార్చాను. ఇప్పుడు రెండు కొత్త చిక్కులు. డిగ్రీల్ని యూటీఎం (భూమిని జోన్లుగా విడగొట్టి స్థానాన్ని దూరాల్లో చెప్పే పద్ధతి) కిలోమీటర్లకి మార్చితే మ్యాప్ తూర్పుకి విపరీతంగా సాగింది. రాష్ట్రం అంచుల్లో లోతు మైనస్ కూడా వస్తోంది. సోప్ ఫిల్మ్ స్మూత్‌తో (గీసిన హద్దు లోపలే నునుపు చేసేది) సరిహద్దు ఇస్తే బాగుపడుతుందా? ఫిట్ కూడా చాలా నెమ్మది.

జవాబు 3: పల్చనిరేకు

యూటీఎం జోన్ 44 అంటే 78 నుంచి 84 డిగ్రీల తూర్పు. జహీరాబాద్, నారాయణపేట వైపు బావులు 78కి పడమర, అంటే జోన్ 43. మీ కోడ్ ఒక్కో బావికి దాని సొంత జోన్ తీసుకుని ఉంటుంది. జోన్ 43 తూర్పు అంచున ఈస్టింగ్ (తూర్పు దిశ దూరం) 820 కిలోమీటర్ల దగ్గర ఉంటే, గీత దాటగానే 180కి పడుతుంది. జహీరాబాద్ బావిని 777 అని రాసి జోన్ 44గా చదివితే అది విశాఖ అవతల సముద్రంలో తేలుతుంది! అన్నిటినీ 44కే (ఈపీఎస్‌జీ కోడ్ 32644) మార్చండి, అరడిగ్రీ బయటికి వెళ్తే వచ్చే తేడా ఈ పనికి లెక్కలోది కాదు. ఆ మాటకొస్తే మన అక్షాంశాల్లో ఒక డిగ్రీ రేఖాంశం 106, అక్షాంశం 110.7 కిలోమీటర్లు. డిగ్రీలతోనే ఫిట్ చేసినా నాలుగు శాతం వంకర, అంతే.

సోప్ ఫిల్మ్ వద్దు. అది అంచు దాటి ప్రభావం పోని చోటికి: పులికాట్ సరస్సు ఉప్పదనం, సముద్రతీరం లాంటివాటికి. రాష్ట్ర సరిహద్దు కింద నీళ్లు ఆగవు కదా. పైగా నాట్లు సరిహద్దు మీద పడ్డా బయట పడ్డా ఇంకో ఎర్రర్ల వరుస మొదలవుతుంది. పొరుగు రాష్ట్రాల్లో సరిహద్దుకి 30, 40 కిలోమీటర్లలోపు బావుల డేటా దొరికితే కలపండి, అసలు వైద్యం అది. దొరకకపోతే బావులకి దూరంగా ఉన్న గ్రిడ్ గడుల్ని ఎక్స్‌క్లూడ్.టూ.ఫార్‌తో ఖాళీ చేయండి. దూరం 0.1తో మొదలుపెట్టండి, గ్రిడ్‌ని యూనిట్ చదరానికి కుదించి కొలుస్తుంది.

వేగానికి గ్యామ్ బదులు బ్యామ్ (పెద్ద డేటాకి దాని రూపం), డిస్క్రీట్=ట్రూ. అందులో మెథడ్ ఎఫ్‌రెమ్ల్, డిఫాల్టే.

ప్రెడిక్ట్ చేసేటప్పుడు, ఒక్కో బావి సొంత తేడా మ్యాప్‌లోకి రాకుండా, ఎక్స్‌క్లూడ్="ఎస్(బావి)" ఇవ్వండి. సమ్మరీలో పేరు ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా రాయాలి, స్పేస్ పడినా ఆ టర్మ్‌ని తీసేయదు, ఆ సంగతి చెప్పదు కూడా. కొత్త డేటాలో బావి కాలమ్ మాత్రం ఉండాలి, ఉన్న బావుల్లో ఏదో ఒక పేరు వేసేయండి.

జవాబు 4: అడుగునీరు

మైనస్ లోతుల గురించి ఎవరూ అడగని ప్రశ్న ఒకటి: ఆ ఖాళీ గడులు ఏమిటి? మే నెల ఖాళీల్లో చాలావరకు "బావి ఎండింది" అయితే అవి మిస్సింగ్ కావు. 12 మీటర్ల బావి ఎండిందంటే నీళ్లు 12 కంటే కింద ఉన్నాయని తెలిసినట్టే. వాటిని పడేస్తే ఎండాకాలం సర్ఫేస్ ఉన్నదానికంటే పైకి తేలుతుంది, అదీ నీళ్లు బాగా పడిపోయిన మండలాల్లోనే.

కొత్త వెర్షన్లలో సీనార్మ్ ఫ్యామిలీ ఉంది, "ఇంతకంటే ఎక్కువ" అని మాత్రమే తెలిసిన కొలతల్నీ తీసుకుంటుంది. రెస్పాన్స్‌గా రెండు కాలమ్‌ల మ్యాట్రిక్స్ ఇవ్వాలి. మామూలు కొలతకి రెండిట్లోనూ అదే అంకె. ఎండిన బావికి మొదటి దాంట్లో బావి లోతు, రెండో దాంట్లో ఇన్ఫినిటీ. లాగ్ లోతు మీద ఫిట్ చేస్తే మైనస్ బెడదా పోతుంది. నేలమట్టం దాకా నిండిన బావికి 0 రాసి ఉంటే లాగ్ మైనస్ ఇన్ఫినిటీ అవుతుంది, దాన్ని ఖాళీ గడిలా తీసేయదు. గామా ఫ్యామిలీ అయితే ఆ సున్నా దగ్గర "నాన్-పాజిటివ్ వాల్యూస్ నాట్ అలౌడ్" అని ఆగుతుంది. సున్నాల్ని 0.05 లాంటి చిన్న లోతుగా మార్చి, ఆ అంకె అటూ ఇటూ మార్చినా సర్ఫేస్ నిలుస్తుందో చూడండి.

బావి లోతు కాలమ్ లేకపోతే ఆ బావిలో ఇప్పటిదాకా నమోదైన అత్యధిక లోతు పెట్టొచ్చు. నీళ్లు దానికంటే కిందే ఉన్నాయన్నంత వరకే అది చెబుతుంది, పైగా అదే ఏడాదిలో బావిలో పూడిక తీశారేమో రిజిస్టర్లో చూసుకోవాలి. సీనార్మ్‌తో గ్యామ్‌లోనే నడపండి, ముందు టీఈ కే సీ(30,5)కి దించి ఒకసారి ఫిట్ అయ్యాక పెంచండి.