ఇది బలుసా, మంగా? పూత లేనప్పుడు ఎలా పోల్చుకోవాలి?

గుణుపురం దగ్గర, వంశధార వైపు మా పొలం. కంచె వెంట ముళ్ల పొదలు తొలకరికి బాగా చిగురు వేశాయి. మా అత్తగారు బలుసేనని, పప్పులో వేద్దామని అంటున్నారు. నాకేమో టెన్షన్. ఆ వరసలోనే మంగ పొదలూ ఉన్నాయి మరి. రెండూ కాఫీ కుటుంబమే, రెండింటికీ జంట ముళ్లే.

పూత, కాయ ఉంటే గొడవే లేదు. బలుసు పువ్వు చిన్నది, పసుపు కలిసిన ఆకుపచ్చ, నాలుగు రేకులు. చిన్న పసుపు పండు, తినొచ్చు. మంగ పువ్వు తెల్లగా, మంచి వాసనతో ఐదు రేకులుంటుంది. కాయ చిన్న జామకాయంత. ఆ కాయ దంచి చేపలకు మత్తు పెడతారు, నా భయం అదే. బతికుంటే బలుసాకు తినొచ్చంటారు గానీ, ముందు బతికుండాలి కదా!

ఇప్పుడు ఒట్టి ఆకులే ఉన్నాయి. కొమ్మ విరిచి చూశాను: ఆకులు ఎదురెదురుగా, ముల్లు ఆకు మొదలుకు కాస్త పైన. ఇంతమాత్రాన బలుసని తేల్చేయొచ్చా? ఆకు ఉడికించి నీళ్లు వంపేయాలా, నేరుగా కందిపప్పులో వేయొచ్చా? శ్రీకాకుళం, పర్లాకిమిడి వైపు వండేవాళ్లుంటే చెప్పండి. అప్పటిదాకా పొయ్యి మీదకు ఎక్కించను.