అడ్మిట్ చేయకుండా వారానికి మూడు నాలుగు రోజులు థెరపీ ఇచ్చే చోటు హైదరాబాద్‌లో ఉందా?

మా చెల్లికి పానిక్ అటాక్‌లు. పొద్దున ఆఫీసు క్యాబ్ వచ్చే వేళకి గుండెదడ, చేతులు చల్లబడటం, ఊపిరాడనట్టు ఉండటం. పావుగంటలో సర్దుకుంటుంది గానీ ఆ రోజుకిక గడప దాటదు. ఈసీజీ, థైరాయిడ్ నార్మలే.

సైకియాట్రిస్ట్ ఆందోళన తగ్గించే మాత్ర ఎస్సిటాలోప్రామ్ 10 ఎంజీ రాశారు. దడ తగ్గింది, భయం పోలేదు. వారానికోసారి ఆన్‌లైన్‌లో సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చే టాక్ థెరపీ) కూడా చేయించాం. కెమెరా ముందు చక్కగా మాట్లాడుతుంది, లిఫ్ట్ దగ్గరికెళ్తే మళ్ళీ మొదటికే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులోనే ఓపికగా విన్నారు, కానీ ఫోన్‌తో అయ్యే పని కాదిది.

అడ్మిషన్ అక్కర్లేదు, వారానికి మూడు నాలుగు రోజులు, పూటకి మూడేసి గంటల ఇంటెన్సివ్ అవుట్‌పేషెంట్ ప్రోగ్రామ్ అయితే మేలన్నారు డాక్టరు. ఎక్కడుందో ఆయనకీ తెలీదట!

హైదరాబాద్‌లో ఇలాంటిది, తెలుగులో ఎక్స్‌పోజర్ థెరపీ (భయపడే పరిస్థితిని కొద్దికొద్దిగా ఎదుర్కొనేలా చేసేది) చేయించేది, మీరుగానీ మీవాళ్ళుగానీ వెళ్ళినది ఏదైనా ఉందా?