హామర్ కోరల్ పాలిపోయి ముడుచుకుపోతోంది, ముందు ఏం చేయాలి?

ఫ్రిస్కో_రీఫ్:
అందరికీ నమస్తే. మేం డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం, హాల్లో 75 గ్యాలన్ల రీఫ్ టాంక్ (పగడాలు పెంచే ఉప్పునీళ్ల అక్వేరియం) ఉంది. అందులో పచ్చ హామర్ కోరల్ ఒకటి, నాలుగు తలలది, పొద్దున లైట్ వెలిగిన కాసేపటికే చక్కగా పొంగి ఊగుతూ ఉండేది. పాత టీ5 ఫ్లోరసెంట్ ట్యూబులు తీసేసి ఎల్ఈడీ పెట్టిన దగ్గర్నుంచి రంగు పాలిపోయి దాదాపు తెల్లగా అయిపోయింది, టెంటకిల్స్ సగమే బయటికొస్తున్నాయి, మధ్యాహ్నానికి మొత్తం ముడుచుకుంటోంది. చిన్న తల అంచున కండ కాస్త వెనక్కి జరిగి కింద గరుకు అస్థిపంజరం కనిపిస్తోంది. చేపలన్నీ హుషారుగానే ఉన్నాయి. మా పాప స్కూల్ నుంచి రాగానే ముందు దాని దగ్గరికే వెళ్తుంది, ఎలాగైనా బతికించుకోవాలి. ఒకరు అయోడిన్ డిప్ (అయోడిన్ కలిపిన నీళ్లల్లో కాసేపు ముంచడం) అంటున్నారు, ఒకరు ఇసుక మీదకి దించమంటున్నారు, ఇంకొకరు సగం నీళ్లు మార్చేయమంటున్నారు, దేనితో మొదలెట్టాలి?

ఉప్పునీళ్లు:
ముందు ఆ మూడూ ఆపండి. ఇప్పటికే నీరసపడి ఉన్నదాన్ని పైకి తీసి, డిప్ చేసి, చోటు మార్చి, నీళ్లూ మార్చితే తట్టుకోలేదు. టెస్ట్ నెంబర్లన్నీ పెట్టండి, లైట్ ఎంత శాతంలో ఉందో కూడా. ఉప్పు శాతం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్ల ఉప్పు) సొల్యూషన్‌తో కాలిబ్రేట్ చేశారా, ఉత్త ఆర్ఓ నీళ్లతోనా?

ఫ్రిస్కో_రీఫ్:
35 సొల్యూషన్‌తోనే అండి. సెలినిటీ 1.025, టెంపరేచర్ 78 ఫారెన్‌హీట్, ఆల్కలినిటీ 8.4, కాల్షియం 430, మెగ్నీషియం 1320, నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ కూడా సున్నానే. లైట్ 90 శాతం. ఫాస్ఫేట్‌ని లాగేసే జీఎఫ్ఓ రియాక్టర్ రోజంతా నడుస్తుంది.

ఉప్పునీళ్లు:
దొరికింది. లైటూ, ఆ రెండు సున్నాలూ. హామర్ కండలో జూజాంథెల్లే అని సూక్ష్మమైన ఆల్గే ఉంటుంది, రంగులో చాలా భాగం దానిదే, తిండిలో ఎక్కువ భాగమూ అది పెట్టేదే. వెలుతురు ఒక్కసారిగా పెరిగితే ఆ ఆల్గే నుంచి హాని చేసే ఆక్సిజన్ రకాలు పుడతాయి, కోరల్ దాన్ని తట్టుకోలేక ఆల్గేని బయటికి వదిలేస్తుంది, అందుకే తెల్లబడుతుంది. నీడలో పెంచిన నారుని రోహిణి కార్తె ఎండలో నాటినట్టే. పైగా నీళ్లల్లో నైట్రేట్, ఫాస్ఫేట్ లేకపోతే ఆ ఆల్గేకి కూడా తిండి ఉండదు కాబట్టి దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.

కోరల్‌ని కదపొద్దు, లైట్‌నే తగ్గించండి, చోటు మారిస్తే ఫ్లో కూడా మారిపోతుంది. 40 శాతానికి దించి, కాస్త కోలుకున్నాక వారానికి ఐదు శాతం చొప్పున పెంచండి. పార్ మీటర్ (ఆల్గేకి పనికొచ్చే వెలుతురు ఎంతో కొలిచేది) అద్దెకి దొరికితే తెచ్చి కొలవండి, హామర్‌కి 80 నుంచి 150 చాలు. జీఎఫ్ఓ ఆపేయండి, చేపలకి మేత కొంచెం పెంచండి, నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్యకి నిదానంగా రావాలి. ఆల్కలినిటీ బావుంది, దాని జోలికి వెళ్లకండి.

ప్లానో_టాంక్:
లైట్ విషయంలో ఒప్పుకుంటా కానీ నీళ్ల సంగతి కూడా చూడండి. మన వైపు కుళాయి నీళ్లల్లో క్లోరమైన్ (క్లోరిన్, అమోనియా కలిసింది) వేస్తారు, ఏటా మార్చి ప్రాంతంలో కొన్ని వారాలు ఉత్త క్లోరిన్‌కి మారుస్తారు. క్లోరమైన్‌ని కార్బన్ ఫిల్టర్ విడగొడితే అమోనియా మిగులుతుంది, దాన్ని పట్టేది ఆర్ఓ ఫిల్టర్ చివర ఉండే డీఐ రెజినే, అది అయిపోతే నేరుగా టాంక్‌లోకే. టీడీఎస్ మీటర్ (నీళ్లల్లో కరిగిన లవణాలు కొలిచేది) సున్నా చూపిస్తోంది కదా అని నమ్మకండి, క్లోరిన్ దానికి కనపడదు, టోటల్ క్లోరిన్ స్ట్రిప్‌తో చూడాలి. కార్బన్ బ్లాక్ మార్చి చాలా కాలమైతే ఇప్పుడే మార్చేయండి.

ఇంకోటి, గోధుమరంగు జిగురు కనపడి కుళ్లు వాసన వస్తే అది బ్రౌన్ జెల్లీ అనే రోగం, అప్పుడు ఇవేవీ సరిపోవు. పంపులు ఆపి, జిగురుని సైఫన్‌తో లాగేసి, ఆ తలని కోసి వేరు చేసి అప్పుడు డిప్ చేయాలి. లేదంటే పక్క తలలకి గబగబా పాకేస్తుంది.

హైద్_మెరైన్:
అన్నా, నేను ఇక్కడ హైదరాబాద్‌లో మెరైన్ టాంక్ పెడ్దామనుకుంటున్న. ఈ హామర్ ఇక్కడ పెట్టుకోవచ్చా?

ఉప్పునీళ్లు:
తమ్ముడూ, హామర్ లాంటి రాతి కోరల్స్ అన్నీ మన వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో షెడ్యూల్ 1లో ఉన్నాయి, పులికి ఉన్నంత రక్షణ. ఎవరైనా అమ్ముతామన్నా కొనకు. చేపలతో మొదలుపెట్టు, క్లౌన్ ఫిష్ ట్యాంకుల్లోనే పెంచినవి దొరుకుతాయి.

ఫ్రిస్కో_రీఫ్:
లైట్ 40కి దించా, జీఎఫ్ఓ తీసేశా, ఫిల్టర్లు ఆర్డర్ పెట్టా. టార్చ్ వేసి దగ్గరగా చూశా, జిగురు లేదు, కండ పలచగా ఉన్నా అస్థిపంజరాన్ని పట్టుకునే ఉంది. మరి దీనికి మేత పెట్టొచ్చా?

ప్లానో_టాంక్:
పెట్టాలి, ఆల్గే పోయింది కాబట్టి ఇప్పుడు బయటి తిండే దిక్కు. చిన్న రొయ్యల్లాంటి మైసిస్‌ని సన్నగా తరిగి, పంపులు ఆపి, టెంటకిల్స్ బయట ఉన్నప్పుడు వారానికి రెండుసార్లు తలకి ఒకటి రెండు ముక్కలు. మింగకుండా వదిలేసిన ముక్క ఉంటే తీసేయండి, అది అక్కడే కుళ్లకూడదు. కండ తగ్గిన తలకి మాత్రం ఇప్పుడే వద్దు, అంచు మానాక చూడండి. రంగు తిరిగి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, కండ ఉన్నంతవరకు వదలకండి.