మా ఊళ్లో రామారావు గారు ఆగింది ఏ ఏడాది? పెద్దల మాటను ఎలా సరిచూసుకోవాలి?

ప్రశ్న (రాసినవారు: చోడవరం రోడ్డు)

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీలో ఉంటున్నాను. మా సొంత ఊరు చోడవరం నుంచి మాడుగుల వెళ్లే దారిలో, గట్టిగా నూటయాభై గడప లేని పల్లె. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే ఆ పక్క ఊరివారు వచ్చి, ఆయన ఆగింది తమ ఊళ్లోనని తగాదా పెట్టుకుంటారు. మా బడిలో చదివినవాళ్లమంతా కలిసి ఒక చిన్న సంచిక వేద్దామనుకున్నాం, అందులో ఊరి సంగతులు రాసే పని నా మీద పడింది. ఊరివాళ్లను కదిపితే, కరువు గురించో తుపాను గురించో చెప్పే ముందు అందరూ చెప్పేది ఒక్కటే సంగతి: ఎన్టీ రామారావు గారు మా ఊళ్లో ఆగడం.

వారు చెప్పే కథ ఇది. పార్టీ పెట్టిన కొత్తలో ఆయన చైతన్య రథం మీద ఈ దారిన వెళ్తున్నారు. మా ఊళ్లో సభ లేదు, ఆగే ఏర్పాటూ లేదు. అయితే ఊరి చివర కల్వర్టు మీద గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలుకుపోతున్న ఎడ్లబండి ఒకటి శీల ఊడి, చక్రం జారి, దారికి అడ్డంగా ఒరిగిపోయిందట. వెనక ఇంకో ఆరేడు బండ్లు నిలిచిపోయాయి. ఆ విధంగా రథం ఆగవలసి వచ్చింది. క్షణాల్లో ఊరంతా కల్వర్టు దగ్గరికి పరుగెత్తింది. ఆయన కిందికి దిగి, ఎవరో ఇచ్చిన మజ్జిగ తాగి, బండి లేపడానికి తానే భుజం పట్టి, పావుగంటలో వెళ్లిపోయారని చెబుతారు. ఆ ఒరిగిపోయిన బండి ఆసామి ఎవరో నేను అడగనే లేదు, ఎవరూ చెప్పనూ లేదు.

ఇంతవరకు అందరి మాటా ఒకటే. చిక్కు తరువాత వచ్చింది. మా పెదనాన్నగారు ఆయన ఖాకీ బట్టల్లో ఉన్నారని, అప్పటి మునసబుగారి అరుగు మీద కూర్చున్నారని అంటారు. అదే వయసున్న మరొక పెద్దాయన, తాను కొడుకును భుజాన ఎక్కించుకుని మండలాఫీసు ముందు నిలబడి చూశానని, ఆయన కాషాయం కట్టుకుని ఉన్నారని ఒట్టేసి చెబుతారు. ఇద్దరూ అబద్ధమాడే మనుషులు కారు. మూడో ఆయన మరింత ముందుకు వెళ్లి, మాడుగుల హల్వా పొట్లం స్వయంగా చేతిలో పెట్టానంటారు.

అచ్చులో పడేది కాబట్టి తప్పు రాయకూడదని నా తాపత్రయం. ఊళ్లో ఒక్క ఫొటో కూడా లేదు. ఇటువంటి సంగతి తేదీని ఎలా నిర్ణయించుకోవాలి? దేన్ని నమ్మాలి, దేన్ని పక్కన పెట్టాలి?

జవాబు (రాసినవారు: పాత డెస్కు)

నేను చాలాకాలం దినపత్రికల్లో జిల్లా వార్తలు దిద్దినవాణ్ని. పెద్దలను తేదీ అడగకండి. తేదీ అడిగితే ఎదుటివారికి ఏది నచ్చుతుందో అది చెబుతారు. చుట్టూ ఏమున్నదో అడగండి, తేదీ దానంతట అదే బయటపడుతుంది.

మీరు రాసిన దానిలోనే రెండు గట్టి ఆనవాళ్లున్నాయి. మన రాష్ట్రంలో మునసబు, కరణం పదవులను రామారావు గారి ప్రభుత్వమే 1984 జనవరిలో రద్దు చేసింది. ఊళ్లో మునసబుగారు అధికారంలో ఉండగా ఆయన అరుగు మీద కూర్చున్నారన్నది నిజమైతే అది అంతకు ముందటి మాటే. (అయితే పదవి పోయిన తరువాత కూడా ఆ ఇంటిని మునసబుగారి ఇల్లనే పిలుస్తారు కనుక, దీన్ని ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోకండి.) మండలాలు వచ్చింది 1985లో. దానికి ముందు ఉన్నవి తాలూకాలు, పంచాయతీ సమితులు. 1982లో మండలాఫీసు ముందు నిలబడటం ఎవరి తరమూ కాదు. కాబట్టి రెండో పెద్దాయన చూసింది తరువాతి కాలపు పర్యటన అయినా కావాలి, లేదా పాత సమితి ఆఫీసును ఇప్పటి అలవాటు కొద్దీ మండలాఫీసు అంటున్నారైనా కావాలి. ఆ భవనం ముందు ఏమిటో ఒక్కసారి కనుక్కోండి. ఇంకొక మాట: ఆయన భుజాన ఎక్కించుకున్న కొడుకు ఏ ఏడాది పుట్టాడో అడగండి. బడి రికార్డుల్లో కొంత అటూ ఇటూ వేయించి ఉంటారు, అయినా పనికి వస్తుంది.

బట్టల విషయంలో జాగ్రత్త. 1982 మార్చి 29న పార్టీ ప్రకటించి, 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసే దాకా సాగిన ఆ తిరుగుడులో ఆయన ఖాకీ దుస్తులు వేసుకున్న మాట వాస్తవం. కాషాయం ముఖ్యమంత్రి అయిన తరువాతి సంగతి. కాని ఖాకీ బొమ్మలూ కాషాయం బొమ్మలూ గోడల మీద, క్యాలెండర్ల మీద ఏళ్ల తరబడి ఉన్నాయి. మనిషి కళ్లతో చూసిన దాని మీద గోడ మీది బొమ్మ వచ్చి అతుక్కుంటుంది. ఖాకీ అన్నారు గనుక 1982 అని తేల్చేస్తే, కాషాయం అన్నవారికి జరిగిన అన్యాయమే మీ పెదనాన్నగారికీ జరగవచ్చు. ఆ బొమ్మల్లో లేనిదేదైనా గుర్తున్నవారు దొరికితే వారి మాట విలువైనది.

మీ కథలో నాకు అన్నిటికంటే నచ్చింది చెరకు బండి. ఫ్యాక్టరీకి చెరకు ఏడాది పొడుగునా తోలరు కదా. గానుగ ఎక్కువగా ఆడేది చలికాలంలోనే. 1983 జనవరి మొదటివారంలో ఎన్నికలు జరిగాయి గనుక, అంతకు ముందు నెలరోజుల్లో ఈ దారిన రావడం కాలానికి అతుకుతుంది. అయితే మరొక తలుపు కూడా తెరిచే ఉంది. 1994 ఎన్నికల్లో ఆయన హిందూపురంతో పాటు టెక్కలిలో కూడా పోటీ చేశారు. ఆ ఎన్నికలు కూడా చలికాలం ముఖంలోనే జరిగాయి. మీ ఊరివారు రెండు రాకలను కలిపి ఒకటిగా చెబుతున్నారేమో చూడండి.

పత్రికల కోసం ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో అడగండి. ఈనాడు 1974 ఆగస్టు 10న పుట్టింది మన విశాఖలోనే. ఆ పత్రిక రామారావు గారి పర్యటనను రోజూ వెంటాడి రాసింది. వెతికేటప్పుడు విశాఖపట్నం జిల్లా పేరు మీద వెతకండి. చోడవరం, మాడుగుల అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది 2022 ఏప్రిల్‌లో. మీ ఊరి పేరు కనబడుతుందని ఆశ పెట్టుకోకండి. సభలు జరిగిన ఊళ్ల పేర్లే వేసేవాళ్లం, బండి అడ్డం పడి ఆగిన ఊరి పేరు మాదాకా వచ్చేది కాదు. కాని ఫలానా రోజున చోడవరంలో సభ, ఆ వెంటనే మాడుగులలో సభ అని దొరికితే, మధ్యనున్న మీ దారి ఆ రోజుకు దక్కినట్టే.

జవాబు (రాసినవారు: శృంగవరపుకోట ఆడపడుచు)

పైన పెద్దవారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. చూసినవారినే కాదు, చూడలేకపోయినవారిని కూడా అడగండి.

మా అమ్మగారి కన్నవారి ఊరు మీ వైపే. ఆవిడ కూడా ఇటువంటి ఒక రాకను పోగొట్టుకున్న మనిషి. ఊరందరూ రోడ్డు మీదికి పరుగెత్తిన వేళ ఆవిడ గెడ్డ (వాగు) అవతల కళ్లంలో ఉన్నారు. నూర్పు జరుగుతోంది. కూలీలు కబురు వినగానే ఎక్కడి పనలు అక్కడే వదిలేసి పోయారు. ఎడ్లను విడిచిపెట్టి వెళ్లడానికి లేక, గింజ మీద పడి తినేస్తాయని, ఆవిడ ఒక్కరే కర్ర పట్టుకుని నిలబడిపోయారు. తిరిగి వచ్చినవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో విధంగా చెప్పారట: ఒకరికి ఆయన ఆరున్నర అడుగుల మనిషి, మరొకరికి చేతిలో కర్ర ఉంది, ఇంకొకరిని పేరు పెట్టి పిలిచారు. మా అమ్మకు మాత్రం ఏ పొలం, ఏ రకం ధాన్యం, ఆ రోజు కూలికి ఎవరెవరు వచ్చారు, కుప్ప ఎంతవరకు దిగింది అన్నవి ఈనాటికీ పొల్లుపోకుండా గుర్తు. చూసినవాళ్లు చూసినదాన్ని చెప్పి చెప్పి అరగదీశారు. ఈవిడకు చెప్పుకోవడానికి ఏమీ లేదు గనుక ఆ రోజు అరగకుండా ఉండిపోయింది.

మీ ఊళ్లో కూడా అటువంటివారు ఉంటారు. ఇంట్లో పురిటి మంచం మీద ఉన్నవారు, పొరుగూరు పెళ్లికి వెళ్లినవారు. పురిటి మంచమైతే మరీ మంచిది, పుట్టినరోజు చేతికి చిక్కుతుంది. కాస్త ఓర్పుగా అడగండి. మా అమ్మ ఇప్పటికీ ఆ మాట ఎత్తితే ముందు కోప్పడి, తరువాత చెబుతుంది.

జవాబు (రాసినవారు: బెల్లం దిమ్మ)

హల్వా గురించి మాత్రం నన్ను అడగండి. మాడుగుల చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా, ఏ పెద్దమనిషి వచ్చి వెళ్లినా, ఆయనకు హల్వా పొట్లం చేతిలో పెట్టిన చెయ్యి ఒకటి ఆ ఊళ్లో ఉంటుంది. మా తాతగారిది కూడా అటువంటి చెయ్యే. అది సాక్ష్యం కింద రాదు, మర్యాద కింద వస్తుంది. ఆయన మాటగా, ఆయన పేరుతో వేయండి.

జవాబు (రాసినవారు: చోడవరం రోడ్డు, మూడు వారాల తరువాత)

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యానికి మన్నించండి, రెండు ఆదివారాలు ఊరికి వెళ్లి వచ్చాను.

కాషాయం చెప్పిన పెద్దాయన ముడి ముందు వీడింది. భుజాన ఎక్కించుకున్న కొడుకు పుట్టింది 1990లో. ఆ పిల్లవాడిని ఎత్తుకుని చూసింది 1994లో అయి ఉండాలి. నెమ్మదిగా అడిగితే, ఆ రోజు రామారావు గారి వాహనం ఆగలేదని, చెయ్యి ఊపుతూ వెళ్లిపోయారని ఆయనే ఒప్పుకున్నారు. మజ్జిగ, చెరకు బండి సంగతులు ఆయనకు ఇతరులు చెప్పినవి. మరి కాషాయం మాటేమిటంటే, మాట్లాడుతూ ఉండగానే ఆయన చూపు గోడ మీది పాత క్యాలెండరు వైపు వెళ్లింది. నేను ఇంకేమీ అడగలేదు. గ్రంథాలయంలో సంపుటాలు ఇంకా చూడలేదు, వచ్చే వారం వెళ్తాను.

కాని నేను రాయవలసింది మరొకరి గురించి. శీల ఊడిన ఆ బండి ఆసామి గురించి ఈసారి అడిగాను. ఇన్నేళ్లుగా ఊరంతా ఆ కథ చెబుతున్నా, ఆయన్ను ఎవరూ ఏమీ అడగలేదట. ఆయన ఇప్పుడు గాజువాకలో, ఉక్కు కర్మాగారంలో పనిచేసే కొడుకు దగ్గర ఉంటున్నారు. మా ఇంటికి పట్టుమని గంట ప్రయాణం లేదు. వెళ్లాను. చెవులు కాస్త తగ్గాయి కాని మాట స్పష్టంగా ఉంది. రామారావు గారు ఎలా ఉన్నారు, ఏమన్నారు అని అడిగాను. ఆయన నవ్వి, తన మాటల్లో ఇలా చెప్పారు, నేను ఫోనులో రికార్డు చేసుకున్నాను:

"నాను బండి కిందున్నాను బాబూ. ఇరుసు కింద రాయి దోపి, అది జారిపోకుండా పట్టుకోని ఉన్నోడికి మొకమెలాగ కనిపిస్తాది? పైన అందరూ జేజేలు కొడతన్నారు. నాకు కాళ్లే కనిపించాయి. కాకీ పేంటు. అదొక్కటీ సెప్పగలను."

భుజం పట్టింది ఆయనేనా అని కూడా అడిగాను. కాసేపు ఆలోచించారు. ఒక్కసారిగా బరువు తేలిక అయిందని, చక్రం దానంతట అదే ఇరుసులోకి వెళ్లినట్టు వెళ్లిందని, శీల దిగగొట్టి తాను బయటికి వచ్చేసరికి రోడ్డు మీద దుమ్ము తప్ప ఏమీ లేదని చెప్పారు. అప్పుడు పైనున్నవారు నలుగురో, పదిమందో, అందులో ఎవరున్నారో తనకు తెలియదన్నారు. ఆ రోజు ఫ్యాక్టరీ దగ్గర వంతు తప్పిపోయి, రాత్రంతా తూకం కోసం చలిలో బండి దగ్గరే పడుకోవలసి వచ్చిందట. అది మాత్రం రెండుసార్లు చెప్పారు.