పీటీఎస్‌డీ ఉన్న ఫైర్, 108 సిబ్బందిని ఫీల్డు డ్యూటీ నుంచి తప్పించాలా?

కృష్ణలంక వాసి:
అగ్నిమాపక శాఖలోనో, 108 అంబులెన్సులోనో, వరద సహాయక బృందంలోనో పనిచేసే వ్యక్తికి పీటీఎస్‌డీ (ఘోరమైన సంఘటనల తరువాత మనసును పట్టి పీడించే రుగ్మత) ఉందని వైద్యుడు నిర్ధారించిన తరువాత, పూర్తిగా కోలుకునే వరకు ఆయనను ఘటనా స్థలాలకు పంపరాదని నా అభిప్రాయం. దీనిని ఎవరూ శిక్షగా భావించనక్కరలేదు. రాత్రుళ్లు నిద్ర లేక, సైరన్ మోగితే ఒళ్లంతా చెమటలు పట్టే మనిషికి స్టీరింగు అప్పగించి అర్ధరాత్రి కనకదుర్గ వారధి మీదుగా పొమ్మనడం, ఆయనకూ వెనుక స్ట్రెచర్ మీద ఉన్న రోగికీ కూడా అన్యాయమే. మీ అభిప్రాయాలు తెలియజేయగలరు.

నైట్‌షిఫ్టు ఈఎంటీ:
కృష్ణలంక వాసి గారూ, మీరు చెప్పిన నిబంధన వస్తే 108 బండిలో రోగికి అత్యవసర చికిత్స చేసే మాలాంటి ఈఎంటీలు గానీ, డ్రైవర్లు గానీ ఎవరూ డాక్టరు దగ్గరికి వెళ్లరు. నాతో పనిచేసిన ఒక పైలట్ (మా దగ్గర డ్రైవరును అలాగే పిలుస్తాం) జాతీయ రహదారిపై జరిగిన ఒక ప్రమాదంలో చిన్నపిల్లవాడిని ఎత్తుకుని తెచ్చిన తరువాత, ఆ మలుపు తప్పించుకోవడానికి ఖాళీ బండిని చుట్టుదారిలో తెచ్చేవాడు. నిద్ర కోసం మద్యం తాగడం మొదలుపెట్టాడు. చివరికి వైద్యం చేయించుకున్నాడు గానీ, బెజవాడలో ఎవరైనా చూస్తారన్న భయంతో వేరే ఊరికి వెళ్లి, సొంత డబ్బు పెట్టుకుని, మాత్రలను గ్యాస్ మాత్రల డబ్బాలో దాచుకుని వాడాడు. ఆయన భయమంతా జబ్బు సంగతి బయటపడితే బండి నుంచి దింపేస్తారనీ, కాంట్రాక్టు పొడిగించరనీ. మీ నిబంధన ఆ భయం నిజమేనని కాగితం మీద రాసి ఇచ్చినట్టవుతుంది.

సింగ్‌నగర్ నివాసి:
2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా వీధిని ముంచినప్పుడు పడవల మీద వచ్చి మమ్మల్ని బయటకు తెచ్చినవారినీ, నీరు తీసిన తరువాత ఫైరింజన్లతో ఇళ్లలోని బురద కడిగినవారినీ కళ్లారా చూశాను. వారికి నష్టం కలిగే నిబంధనను నేను సమర్థించలేను. అయితే, రేపు మా ఇంటికి వచ్చే మనిషి ఆ పని చేయగల స్థితిలో ఉన్నాడా అని అడిగే హక్కు మాకూ ఉంది కదా?

మానసిక వైద్య నర్సు:
చర్చ మొత్తం పీటీఎస్‌డీ అంటే ఒకే తీవ్రత ఉన్న ఒకే స్థితి అన్నట్టు సాగుతున్నది. ఘోరమైన సంఘటన జరిగిన మొదటి వారాలలో నిద్ర పట్టకపోవడం, దృశ్యాలు కళ్ల ముందు మెదలడం, ఉలికిపాటు చాలామందిలో కనిపించి, అధికులలో వాటంతట అవే తగ్గుతాయి. అవి నెలకు మించి కొనసాగి, రోజువారీ జీవితాన్ని దెబ్బతీస్తే తప్ప పీటీఎస్‌డీ అని నిర్ధారించరు. ఈ వృత్తుల వారికి మరొక సంగతి కూడా వర్తిస్తుంది. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ సవరించిన నిర్ధారణ ప్రమాణాలు, తమకు ప్రమాదం జరగకపోయినా మృతదేహాల అవశేషాలు సేకరించడం వంటి విధుల్లో పదే పదే ఘోరాలకు గురికావడాన్ని కూడా కారణంగా స్పష్టంగా గుర్తించాయి. కనుక ‘ఏ ఘటన వల్ల వచ్చింది, చూపించండి’ అని అధికారులు అడగడం సరికాదు; ఒక్క ఘటన ఉండకపోవచ్చు.

ఇక చికిత్స. ఆ జ్ఞాపకాన్ని థెరపిస్టు సమక్షంలో క్రమంగా ఎదుర్కొనేలా చేసే పద్ధతికీ, ఈఎండీఆర్‌కూ (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలచుకునేలా చేసే చికిత్స) మంచి ఆధారాలు ఉన్నాయి; సెర్ట్రలిన్ వంటి మందులు కొందరికి తోడ్పడతాయి. ఈ జబ్బును పట్టి ఉంచేది తప్పించుకునే గుణమే. గుర్తుచేసే ప్రతి చోటునూ ఎగవేసినకొద్దీ భయం ముదురుతుంది, పైన చెప్పిన చుట్టుదారి అందుకు మంచి ఉదాహరణ. అందువల్ల ఫీల్డు నుంచి నిరవధికంగా దూరం పెట్టడం చికిత్సకే ఎదురు పనిచేయవచ్చు. అలాగని మొదటి రోజునుంచే పాత డ్యూటీ వేయమని నేను అనను. మద్యం అలవాటైనవారి విషయంలోనూ, నిద్ర పూర్తిగా చెడినవారి విషయంలోనూ డ్రైవింగు ఆపవలసిందే.

మరొక మాట. పెద్ద ఘటన జరిగిన మర్నాడే అందరినీ కూర్చోబెట్టి ఒకే విడతలో జరిగినదంతా చెప్పించడం మేలు చేస్తుందని ఒకప్పుడు నమ్మారు. పరిశోధనలలో అది పీటీఎస్‌డీని నివారించినట్టు తేలలేదు, బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు దానిని చేయవద్దనే చెప్పాయి. బలవంతపు కౌన్సెలింగును పరిష్కారంగా సూచించేవారు దీనిని గమనించాలి.

సర్వీసు రూల్సు:
నర్సు గారి మాటలకు చట్టం వైపు నుంచి కొంత చేరుస్తాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ చికిత్స వివరాల గోప్యతకు హక్కు ఇస్తున్నది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం కలిగిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తొలగించరాదు, హోదా తగ్గించరాదు. ఆ పనికి తగకపోతే అదే వేతనంతో వేరే పోస్టుకు మార్చాలి. కొన్ని రకాల పనులను ఆ సెక్షన్ నుంచి మినహాయించే అధికారం ప్రభుత్వానికి ఉంది. పీటీఎస్‌డీ వచ్చిన ప్రతివారూ ఈ చట్టం కిందికి రారు కూడా. అయినా అగ్నిమాపక శాఖ ఉద్యోగి పట్టుకోవడానికి ఇది ఒక ఆధారం. 108 సిబ్బంది సంగతి వేరు: వారు ప్రభుత్వం టెండరు ద్వారా కాంట్రాక్టు ఇచ్చిన నిర్వహణ సంస్థ ఉద్యోగులు, ఆ రక్షణ తమకు వర్తిస్తుందని ధైర్యంగా చెప్పుకోలేరు. ఒకే ప్రమాద స్థలంలో పక్కపక్కనే నిలబడి పనిచేసిన ఇద్దరిలో ఒకరికి మరో పోస్టు దొరుకుతుంది, మరొకరికి ఇంటి దారి దొరుకుతుంది. ఈ చర్చలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

కృష్ణలంక వాసి:
నర్సు గారు చెప్పినది నా అభిప్రాయానికి పూర్తి వ్యతిరేకం కాదనుకుంటున్నాను. డ్రైవింగు విషయంలో నేను వెనక్కి తగ్గను. అయితే ‘పూర్తిగా కోలుకునే వరకు’ అన్న మాటకు బదులు, చికిత్స చేసే వైద్యుడు నిర్ణయించిన గడువు వరకు, జీతం తగ్గకుండా అని మార్చడానికి నాకు అభ్యంతరం లేదు. సింగ్‌నగర్ నివాసి గారి ప్రశ్నకూ అందులో జవాబు ఉంది.

నైట్‌షిఫ్టు ఈఎంటీ:
జీతం తగ్గకుండా అన్న మాటను కాంట్రాక్టు షరతుల్లోకి ఎక్కించనంత కాలం మాకు అది వర్తించదు. టెండరు పిలిచేటప్పుడే, చికిత్సలో ఉన్న ఉద్యోగిని కాల్ సెంటరుకో, స్టోరుకో మార్చి అదే జీతం ఇవ్వాలని నిర్వహణ సంస్థకు షరతు పెట్టవచ్చు. వైద్యుడిచ్చే ఫిట్‌నెస్ కాగితంలో జబ్బు పేరు ఉండనవసరం లేదు: రాత్రి డ్యూటీ వద్దు, ఇన్ని వారాలు బండి నడపరాదు అని ఉంటే సూపర్‌వైజరుకు చాలు. ఈలోగా, ఎవరికీ కనబడకుండా మాట్లాడాలనుకునే మా వాళ్లకు కేంద్రం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. షిఫ్టు ముగిసి బండి బేస్‌కు చేరాక ఫోను చేసినా ఎత్తుతారు.